గోడకు ఇవతలి పాట

పొద్దున పది కాకముందే ముత్తవ్వ గోడ పక్కన చేరింది. ఒళ్లో చాట, చాటలో ఒక దిక్కు కత్తిరించిన తునికాకు, ఇంకో దిక్కు పొగాకు జర్ద, మోకాలి దగ్గర దారం ఉండ. కళ్లజోడు పెట్టుకోలేదు. ముప్పయ్యేళ్లుగా బీడీలు చుడుతున్న మనిషికి కళ్లతో ఏం పని, వేళ్లు చాలు. ఆమె చెవులు మాత్రం గోడ అవతల షట్టరు లేచే చప్పుడు కోసం కాచుకుని ఉన్నాయి.

షట్టరు లేచింది. కుర్చీలు ఈడ్చారు. కాసేపటికి పాట మొదలైంది.

పాట అని ముత్తవ్వ అనుకోవడమే గానీ ఇంకెవరూ దాన్ని పాట అనరు. పాడేవాళ్లు లేరు, మాటలు లేవు, తబలా లేదు, హార్మోనియం లేదు. నాలుగేళ్ల కింద బోధన్ దిక్కు నుంచి వచ్చిన ఆత్మారాం అనే మనిషి పక్క మడిగె కిరాయికి తీసుకుని, మూడు టీవీలు పెట్టి వీడియో గేమ్ దుకాణం తెరిచాడు. ఆ ఆటల్లో ఒకదాని వెనక మోగే బాజా అది. సన్నగా ఈల వేసినట్టు ఉంటుంది. నాలుగు మెట్లు పైకి ఎక్కుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, గబగబా కిందికి దిగి వస్తుంది. మళ్లీ మొదటి నుంచి ఎక్కుతుంది. పొద్దంతా అదే.

ముత్తవ్వ చేతులు దానికి ఎన్నడు అలవాటు పడ్డాయో ఆమెకే తెలియదు. పాట మెట్లెక్కుతుంటే ఆకులో జర్ద పరుస్తుంది. ఆగిన చోట ఆకు వేళ్ల మధ్య చుట్టుకుంటుంది. దిగి వచ్చేలోపు మూతి మడిచి దారం బిగిస్తుంది. ఆటలో ఎవడన్నా ఓడిపోతే పాట నీరసంగా జారిపోయి ఆగుతుంది. అప్పుడు ఆమె కూడా చేతులు దులుపుకుని చెంబెత్తి నీళ్లు తాగుతుంది. అట్లా రోజుకు నలభై కట్టలు, వెయ్యి బీడీలు, ఎక్కడా అలసట తెలియకుండా అయిపోయేవి. ఆ ఆట ఏమిటో ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమె మనసులో అది కందకుర్తి రేవు. చిన్నప్పుడు అవ్వ చేయి పట్టుకుని మెట్లు దిగి నీళ్లలో కాళ్లు పెట్టిన జాగా.

నిజానికి ఆమె మొదట తలుపు దగ్గర వెలుతురులో కూర్చునేది. పోయిన సంవత్సరం ఆత్మారాం గుమ్మం ముందుకు వచ్చి, "అక్కా, మా లొల్లితోని మీకు తకలీఫ్ అయితున్నట్టుంది. సౌండ్ తగ్గిస్త" అన్నాడు. మర్యాదస్తుడు. ఆమె ఏమంటుంది? తగ్గించకు, ఇంకింత పెంచు అని యాభై దాటిన ఆడమనిషి వీడియో గేమ్ దుకాణపాయనతో ఎట్లా అంటుంది? "మంచిది తమ్మీ" అంది. అతను తగ్గించాడు. మర్నాటి నుంచి ఆమె వెలుతురు వదిలేసి గోడ దగ్గరికి జరిగింది. ఆ ఇల్లూ ఆ మడిగే ఒకప్పుడు ఒకే ఇల్లు, మధ్యలో అడ్డంగా కట్టిన గోడ కప్పు దాకా పోలేదు. వాసాల కింద బెత్తెడు సందు ఉంది. ఆ సందులోంచి వచ్చిందే ఆమె వాటా.

సోమవారం నాడు ఎదురింటి పెంటవ్వ తన చాట పట్టుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమెదీ బీడీల పనే, ఆమెదీ అదే కార్ఖానా. వయసులో పదేళ్లు చిన్న, నోరు మాత్రం పెద్దది.

"ముత్తక్కా, గీ చీకట్ల ఏం కూసుంటవే? వాకిట్లకు రారాదు."

"ఈడ సల్లగుంటది."

"ఏం సల్లగ. పొద్దంత గా కుయ్ కుయ్ లొల్లి. రేడియో పెట్టుకోరాదు, మంచి మంచి పాటలొస్తయి."

"రేడియోల మాటలుంటయి పెంటవ్వా" అంది ముత్తవ్వ, చేయి ఆపకుండానే. "మాటలుంటె మనసు గుంజుతది. ఒక పాట వింటె మా ఆయిన యాదికొస్తడు, ఇంకో పాట వింటె మా బిడ్డ యాదికొస్తది. చేయి ఆగుతది. దీంట్ల ఎవ్వలు లేరు. ఇది మనల్నేమడ్గది."

"మాటల్లేంది గదేం పాట? ఆడెటోనికి ఉషారు రావాలని పెట్టిన చప్పుడది. ఆట ఆడకుంట ఒట్టిగ దాన్ని వినెటోళ్లను నిన్నొక్కదాన్నే సూసిన. పైంగ నువ్వు గొంతుల గుణుగుతవ్ గూడ."

"నేనా? జర్దకు గొంతు గరగరమంటది. గుణుగుడు యాడిది?"

పెంటవ్వ నవ్వి, దారం పళ్లతో తెంపి, అసలు సంగతి చెప్పింది. "ఇంకెన్ని దినాలులే. గా దుకాణం బంద్ జేపియ్యాలని మన రామస్వామి సారు దరఖాస్తు రాపిస్తున్నడు. ఆయిన కొడుకు పదోది రెండుసార్ల తప్పిండు గదా, ట్యూషనని జెప్పి గాడనే కూసుంటున్నడట. గల్లీ అంత వేలిముద్రలు పెడ్తున్నరు. నేను గూడ పెట్టిన. నీది తప్పకుంట గావాలన్నడు."

ముత్తవ్వ చేతిలో ఆకు చిరిగింది. ఆమె దాన్ని పక్కన పెట్టి ఇంకో ఆకు తీసుకుంది.

మధ్యాహ్నం రెండింటికి కార్ఖానా వరండాలో ఆడవాళ్లు వరసగా కూర్చున్నారు. రామస్వామి అక్కడ చెకర్. ఎవరి బీడీ పాసో, ఎవరిది కాదో చెప్పే మనిషి. కట్టను వేళ్ల మధ్య పెట్టి నొక్కుతాడు, చెవి దగ్గర పెట్టుకుని దొర్లిస్తాడు, అనుమానం వస్తే విప్పి ఒక బీడీ విరుస్తాడు. అన్యాయం చెప్పొద్దు, ఇన్నేళ్లలో ముత్తవ్వను అతను ఒక్క మాట అన్నది లేదు. కొడుకు సంగతిలో అతని బాధ కూడా అబద్ధం కాదు. నెలరోజుల్లోనే మనిషి మొహం పీక్కుపోయింది.

"ముత్తవ్వా, కాయితం తయారైంది. ఎల్లుండి పట్టుకొస్త. అందరికన్న నీ వేలే ముఖ్యం. నీది గోడకు గోడ. నీది లేకుంటె దరఖాస్తుకు బలమే లేదు."

ఆమె చీర కొంగు సర్దుకుంది. అనకుండా ఉంటే పోయేది. అనేసింది.

"అంత లొల్లేం లేదు సారూ. నాకైతె ఏం తకలీఫ్ లేదు."

పక్కనున్న ఆడవాళ్లు తలలెత్తి చూశారు. రామస్వామి ఆమె బుట్ట దగ్గరికి లాక్కున్నాడు. రోజూ రెండు కట్టలు విప్పి చూసేవాడు, ఆ రోజు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. "వదులుగున్నయ్." విరిచాడు. "జర్ద తక్కువున్నది." విరిచాడు. "మూతి మల్సుడు సక్కగ లేదు." ఎనిమిది కట్టలు తీసి పక్కనున్న డబ్బాలో పడేశాడు. అట్లా పడేసినవి తిరిగి ఇవ్వరు. ఆ ఆకు, ఆ జర్ద ఆమె బయట కొనుక్కొచ్చి పూడ్చాలి.

"కండ్లు సక్కగ కనవడ్తలేవా ముత్తవ్వా?" అన్నాడు మెల్లగా. గొంతులో కోపం కూడా లేదు. "గిట్లనే రెండు మూడు దినాలైతె కార్డు తీసుకోవాల్సి వస్తది. కంపెనీ నన్నడ్గుతది గదా."

కార్డు అంటే ఆమె ఫొటో అతికించిన చిన్న నీలం పుస్తకం. అది ఉంటేనే ఆకిస్తారు. అది పోతే ఈ ఊళ్లో ఏ కార్ఖానా గడప తొక్కినా ఆకు దొరకదు. యాభై దాటిన దానికి, కళ్లు మసకబారిన దానికి కొత్త కార్డు ఎవడిస్తాడు? ఆ డబ్బాలో పడ్డ బీడీల్లో ఒక్కటంటే ఒక్కటి వదులుగా లేదని ఆమె వేళ్లకు తెలుసు. ఆ సంగతి రామస్వామి వేళ్లకు కూడా తెలుసు. తెలిసి ఏం లాభం? ఖాళీ బుట్ట తీసుకుని లేచింది.

మంగళవారం పొద్దున ఆమె మొదటిసారి ఆత్మారాం దుకాణం మెట్టెక్కింది. ఇద్దరు పిల్లలు టీవీ ముందు ముక్కాలి పీటల మీద కూర్చుని మీటలు నొక్కుతున్నారు. ఆత్మారాం ఆమెను చూసి గాభరాగా లేచాడు.

"సౌండ్ ఎక్కువైందా అక్కా? తగ్గిస్త."

"వద్దు వద్దు. గదానికి రాలే."

ఆమె టీవీ వంక చూసింది. నాలుగేళ్లుగా విన్న పాట ఈ బొమ్మదే. వేలెడంత మనిషి, నెత్తి మీద మూటతో గోడ మీద పరుగెత్తుతున్నాడు. పైనుంచి రాళ్లు పడుతున్నాయి. రాయి తగిలితే పడిపోతాడు, లేస్తాడు, మళ్లీ పరుగు. రేవు లేదు, నీళ్లు లేవు. పోనీలే అనుకుని చూస్తూ నిలబడింది. ఆ రాళ్లు ఎటు నుంచి వస్తాయో, వాడు తప్పించుకుంటాడో లేదోనని ఆమెకూ ఆదుర్దా పుట్టింది. వాడు పడిపోయాక గానీ ఆమెకు స్పృహ రాలేదు. అంతసేపూ పాట మోగే ఉంటుంది, తనకు ఒక్క ముక్క కూడా వినబడలేదు. అక్కడ కూర్చున్న వాళ్లకూ వినబడదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"తమ్మీ, రామస్వామి సారు కొడుకును రానియ్యకు. గది చెప్దామనొచ్చిన" అంది.

"ఎన్నిసార్ల ఎల్లగొట్టిన అక్కా. పోతడు, గంటకు మల్లొస్తడు. తలుపేస్తె బయట సైకిల్ మీద కూసుంటడు." ఆత్మారాం తల గోక్కున్నాడు. "కాయితం సంగతి నాకెర్కే. ఏం జేయాలె? చెరకు కాటా కాడ చిట్టీలు రాసుకుంట బతికిన. ఆ పని బందైంది. ఇగ ఈ డబ్బాలు తప్ప నాకింకోటి రాదు."

ఆమె పోబోతూ ఆగింది. అడగాలా వద్దా అని తలుపు చెక్కను గోటితో గీకింది.

"ఈ పాట ఒట్టిగ దొరుకుతదా తమ్మీ? టేపుల పెట్టుకుని వినేటట్టు?"

ఆత్మారాం నవ్వాడు, ఎగతాళిగా మాత్రం కాదు. "ఆట బందైతె పాట బంద్ అక్కా. దీన్ని ఒట్టిగ ఎవలింటరు? నేనైతె ఇంటికి పోయి ఈ మోత చెవులల్లకెల్లి పోవాలని నెత్తి మీద నీళ్లు గుమ్మరించుకుంట. ఎవలకు గావాలె?"

"మా బిడ్డ కొడుక్కు. చందూర్ల ఉంటడు."

అబద్ధం చెప్పడం ఆమెకు రాదు. చెవులు వేడెక్కాయి. ఆత్మారాం ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, "సూస్త అక్కా" అన్నాడు.

ఆ మధ్యాహ్నం కార్ఖానాలో పది కట్టలు పోయాయి. రామస్వామి కార్డు తెరిచి, అందులో ఏదో చూసి, మళ్లీ మూసి ఇచ్చాడు. ఇంటికి వచ్చి గోడ పక్కన కూర్చుంటే సాయంత్రం దాకా అవతల ఆ ఒక్క ఆటే నడిచింది. ఎందుకో ఎవరూ ఓడిపోలేదు. పాట ఒక్కసారి కూడా జారిపోలేదు. ఎక్కడం, ఆగడం, దిగడం. ముత్తవ్వ చేతులు వాటంతట అవే తిరిగాయి. మనసులో ఎంత గుబులున్నా కట్ట మీద కట్ట పడింది. నీళ్లు తాగడానికి కూడా లేవలేదు.

బుధవారం పొద్దున రామస్వామి కాగితం పట్టుకుని ఆమె గుమ్మంలోకే వచ్చాడు. వెనక పెంటవ్వ వచ్చి నిలబడింది. అతను గొంతు సవరించుకుని చదివాడు.

"'సదరు దుకాణము నుండి వెలువడు భరింపరాని శబ్దము వలన, గోడ ప్రక్కనే నివసించు మాకు తలనొప్పి కలుగుచున్నది. మా పని మేము చేసుకొనుటకు వీలుకాకున్నది.' గిది నీ గురించే ముత్తవ్వా."

వాసాల కింది సందులోంచి పాట మెట్లెక్కుతూ వస్తోంది.

"ఇంటున్నవా, ఎంత లొల్లో" అన్నాడు రామస్వామి. తర్వాత గొంతు దించాడు. "వాడు పాడైపోతున్నడు ముత్తవ్వా. ఒక్కడే కొడుకు. నేనేం జేయాలె చెప్పు."

ముత్తవ్వ పెంటవ్వ వైపు చూసింది. పెంటవ్వ కళ్లతోనే పెట్టెయ్ అంది. చూరుకు వేలాడే గుడ్డసంచిలో నీలం కార్డు ఉంది. ముత్తవ్వ చూపు ఒకసారి అటు పోయి వచ్చింది. ఏ నోటితో కాదంటుంది? పోనీ కాదని ఏం చెబుతుంది? నాకు ఆ మోత ఇష్టం, అది ఆగితే నా చేయి ఆగుతుంది అంటే వింటారా? నవ్వుతారు. నవ్వినా ఫర్వాలేదు, కార్డు ఉండనిస్తారా?

బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద అదిమింది. నల్లటి మచ్చ పడింది. రామస్వామి కాగితం వెలుతురుకు పెట్టి చూశాడు.

"రేకలు పడలేదేంది? ఇంకోసారి పెట్టు."

మళ్లీ పెట్టింది. మళ్లీ మచ్చే పడింది.

"బీడీలకు అరిగిపోయినయ్ సారూ" అంది.

అతను మచ్చ పక్కన ఆమె పేరు రాసుకున్నాడు. ఆ మధ్యాహ్నం కార్ఖానాలో ఆమె నలభై కట్టల్లో ఒక్కటి కూడా విప్పలేదు. బుట్ట అట్లాగే లోపలికి పంపాడు. ముత్తవ్వ సిగ్గుతో తల ఎత్తలేదు.

శుక్రవారం దరఖాస్తు అందిన ఆఫీసు నుంచి ఇద్దరు మనుషులు, ఒక పోలీసాయన వచ్చారు. దుకాణానికి లైసెన్సు లేదన్నారు. ఎవరూ అరవలేదు, కొట్లాడలేదు. ఆత్మారాం టీవీలను పాత దుప్పట్లలో చుట్టి ఆటో ట్రాలీలో ఎక్కించాడు. ముత్తవ్వ తలుపు దగ్గరగా వేసి లోపల కూర్చుంది. అతను చప్పుడు లేకుండా పోతే బాగుండునని దేవునికి మొక్కుకుంది. ఆత్మారాం తలుపు మీద వేళ్లతో తట్టాడు.

"అక్కా, ఇది ఆనాడే తీసిన. మీ మనుమనికి."

వార్తాపత్రిక ముక్కలో చుట్టిన క్యాసెట్. ఆమె రెండు చేతులతో అందుకుంది.

"కాయితం సూపెట్టిండ్రు నాకు" అన్నాడు ఆత్మారాం. తిట్టలేదు, అడగలేదు. చెప్పులేసుకుంటూ, "పోయొస్త అక్కా" అన్నాడు. ఆటో గల్లీ మలుపు తిరిగే దాకా ఆమె గుమ్మంలోనే నిలబడి ఉంది.

శనివారం ఆమె ముప్పై కట్టలు చుట్టింది. ఆదివారం మధ్యాహ్నానికి పన్నెండు. జర్ద పరిచాక ఏం చేయాలో చేయి ఒక్క క్షణం వెతుక్కుంటోంది. దారం రెండుసార్లు చుట్టి, మూడోసారి కూడా చుడుతోంది. క్యాసెట్ గూట్లో కాగితంలోనే ఉంది. దాన్ని ముట్టుకునే మొహం ఎక్కడిది తనకు? అయినా నలభై కాకపోతే కార్డు సంగతేంటి? చివరికి పెంటవ్వను పిలిచి, ఆమె తమ్ముడి టేప్‌రికార్డర్ తెమ్మంది.

"ఆట లేదు, దుకాణం లేదు, ఇంక పాట దేనికే?" అని గొణుగుతూనే పెంటవ్వ క్యాసెట్ పెట్టి మీట నొక్కింది.

మొదట గరగర. కుర్చీ ఈడ్చిన చప్పుడు. తర్వాత పాట నాలుగు మెట్లెక్కింది, ఆగింది, దిగింది. ముత్తవ్వ చేతిలోకి ఆకు దానంతట అదే వచ్చింది. ఒక బీడీ, రెండు, నాలుగు. ఆమెకు ఊపిరి తిరిగినట్టయింది.

"ఆగు" అంది పెంటవ్వ. "ఎన్క ఎవలో ఉన్నరు."

చెవి టేప్‌రికార్డర్‌కు ఆనించింది. సౌండ్ పెంచింది. పాట కింద, సన్నగా, ఇంకో గొంతు. ఆడమనిషి గొంతు. మాటలు లేవు, ఊఁ అని మూలిగినట్టే ఉంది, కానీ పాటతో పాటే నాలుగు మెట్లు ఎక్కుతోంది, పాట ఆగిన చోట ఆగుతోంది, అరక్షణం ఆలస్యంగా వెంట దిగి వస్తోంది. మధ్యలో జర్ద దగ్గు. మళ్లీ అందుకుంటోంది.

"అక్కా" అంది పెంటవ్వ. "గిది నువ్వే."

"నేనా?"

ఆ దగ్గు తనదే. గోడ మీది సందులోంచి పాట ఇటు వస్తే, తన గొంతు అటు పోయింది. ఎన్ని రోజులుగా పోతోందో. నాలుగేళ్లూ పోతూనే ఉందో ఏమో.

టేపులో ఎవరో పిల్లవాడు మాట్లాడాడు. "అన్నా, చేతులు గుంజుతున్నయ్, బంద్ చేయాల్నా?"

ఆత్మారాం గొంతు వచ్చింది, మెల్లగా, ఎవరో నిద్రపోతుంటే మాట్లాడినట్టు. "వద్దు. అవుతల అక్క పాడుతున్నది. ఆమె ఆపెదాంక నువ్వు ఓడిపోకు."

పాట మళ్లీ మెట్లెక్కింది.

అది మంగళవారం సాయంత్రం. బుధవారం పొద్దున తను వేలు పెట్టింది. భరింపరాని శబ్దం అని రాసిన కాగితం మీద, ఆత్మారాం చెవిలో తన పాట ఉండగానే. ముత్తవ్వ చాట పక్కకు పెట్టి మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. పెంటవ్వ టేప్ ఆపాలా వద్దా తెలియక మీట మీద వేలు పెట్టి అట్లాగే కూర్చుంది.

సోమవారం కార్ఖానాలో రామస్వామి ఆమె బుట్ట విప్పకుండానే లోపలికి తోశాడు. అతని మొహం మరీ వాడిపోయి ఉంది. కొడుకు ఇప్పుడు బస్టాండ్ దగ్గరి ఇంకో దుకాణానికి పోతున్నాడని వరండాలో ఆడవాళ్లు గుసగుసలాడుకుంటున్నారు.

"ఇప్పుడు నిమ్మళమేనా ముత్తవ్వా?" అన్నాడు, కనీసం ఒక్కరికన్నా మేలు జరిగిందని వినాలన్నట్టు.

"నిమ్మళమే సారూ" అంది ముత్తవ్వ.

కార్డు అందుకుని, మర్నాటి ఆకు మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చింది. తలుపు దగ్గర వెలుతురుంది, ఇక అక్కడ కూర్చున్నా ఒకటే. అయినా గోడ పక్కకే పోయింది. చాట ఒళ్లో పెట్టుకుని మీట నొక్కింది. పాట మొదలైంది. టేపులోని ఆడమనిషి దాని వెంట ఎక్కుతూ దిగుతూ పాడుతోంది. ముత్తవ్వ కూడా అందుకుందామని చూసింది. గొంతు పెగల్లేదు. నలభై కట్టలు కావాలి కాబట్టి ఆకు తీసుకుని జర్ద పరిచింది.